పడవకి పల్లం లేదు

లారీ ఇంజన్ని పడవలో బిగించాలంటే ముందు దానికి గాలి మాన్పించాలి, ఆ తర్వాత నీళ్ళు అలవాటు చెయ్యాలి. ఇది మా నాన్న మాట. ఆయన అయిదో తరగతి దాకా చదివాడు. నేను డిగ్రీ చేసి, బి.ఇడి. చేసి, జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలకి ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. మా ఇంటిపేరుగల వాళ్ళలో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇన్నేళ్ళ చదువులో ఇంత తేలిగ్గా అర్థమయ్యే వాక్యం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మనవాళ్ళు డప్పు గురించి రాశారు. చెప్పు గురించి, పాలేరుతనం గురించి, కాటికాపరి పని గురించి రాశారు. రాయాల్సిందే. అయితే పేటల్లోంచి లారీ క్లీనర్లుగా బయటికెళ్ళి, రోడ్డు పక్క షెడ్లలో ఇంజన్ల కింద వెల్లకిలా పడుకుని, పైపుతో డీజిలు పీలుస్తూ గుటక మింగి, ఎప్పటికో మెకానిక్కులైనవాళ్ళ గురించి రాసినవి నా కంటబడింది తక్కువ. ఆ విద్య తాతలు ఇచ్చింది కాదు. ఏ గురువూ కూర్చోబెట్టి చెప్పింది కాదు. ఏకలవ్యుడు ఎదురుగా బొమ్మన్నా పెట్టుకున్నాడు. మా నాన్న ముందు బొమ్మ కూడా లేదు, స్పేనర్లు అందించే పని ఉంది. అందిస్తూ చూశాడు.

పదమూడో ఏట లారీ ఎక్కాడు. కలకత్తా-మద్రాసు రోడ్డు మీద నాలుగేళ్ళు తిరిగి, అదే రోడ్డు పక్కన ఒక షెడ్డులో చేరాడు. అక్కడ టీ వస్తే అందరికీ గాజు గ్లాసు, నాన్నకి సత్తు గ్లాసు. అది షెడ్డు వెనక మేకుకి వేలాడేది. గ్రీజంటితే అందరి చేతులూ ఒకటే రంగు, కడుక్కునే చోట మాత్రం రెండు బకెట్లు. తర్వాత్తర్వాత ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి. "ఆ పిలాస్టిక్ గలాసు చేసిన మేలు ఏ గవర్నమెంటూ చెయ్యలేదురా" అని నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

మాది కోనసీమలో వశిష్ట గోదావరి పాయ మధ్య ఒక లంక. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడే బతుకుతున్న మావాళ్ళకి తలనొప్పి. ఇప్పుడు మా జిల్లాకి అంబేద్కర్ పేరుంది. ఆ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు కూడా. ఊరి పేరెందుకు రాయడం లేదో ఇంకా వివరించక్కర్లేదనుకుంటాను. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేస్తే డెల్టాకి నీళ్ళొచ్చాయి, పొలాలున్నవాళ్ళు ఆయనకి దణ్ణం పెట్టుకుంటారు. పొలం లేనివాళ్ళకి గోదావరంటే దాటాల్సిన నీళ్ళు, అంతే. ఆసుపత్రికి దాటాలి, కూలికి దాటాలి, ఆరో తరగతి నుంచి బడికి దాటాలి.

మా రేవుని ఏడాదికోసారి వేలం వేసేవారు. దాన్ని రేవుపాట అంటారు. ఆ పాట పాడగలిగేది భూమున్నవాళ్ళే. మావాళ్ళకొచ్చిన పాటలు వేరు. పాటదారుకి ఒక పెద్ద చెక్క పడవ ఉండేది, నలభై అయిదు అడుగులది. గెడలతో, తెడ్లతో నడిచే రోజులు పోయి పొలం పంపుసెట్టు ఇంజనొకటి దానికి బిగించారు. ఏరు పోటెక్కినప్పుడు అది పడవని లాగలేక ఉన్నచోటే దగ్గుతూ ఉండేది.

పడవలో ఎవరెక్కడ కూర్చోవాలో రాసిపెట్టిన రూలేమీ లేదు. అయినా ముందు బల్లలు ఊళ్ళోవాళ్ళవి. మధ్యలో సైకిళ్ళు, అరటిగెలలు, కొబ్బరికాయల బస్తాలు. వెనక, అడుగున నీళ్ళు చేరేచోట మేము. చెక్క పడవన్నాక కారకుండా ఉండదు. పలకల సందుల్లో నూలు దూర్చి గుగ్గిలం పట్టించినా కారుతుంది. ఎండలకి పైపలకలు నెర్రెలిస్తే చెప్పక్కర్లేదు. అందుకని తోడుతూనే ఉండాలి. పామాయిలు డబ్బాని ఏటవాలుగా కోసి కర్ర పిడి వేసి వెనక పడేసి ఉంచేవారు. సరంగు ఎవర్నీ పేరుపెట్టి పిలవడు. "ఆఁ, తోడండెహె" అంటాడు. ఎవరు తోడాలో అందరికీ తెలుసు. ఆ డబ్బా మా పేట మనిషి చేతిలోకి తప్ప ఇంకొకరి చేతిలోకి వెళ్ళగా నేను చూడలేదు. మగాళ్ళు లేకపోతే ఆడాళ్ళు, వాళ్ళూ లేకపోతే బడిపిల్లలు. టిక్కెట్టు మాత్రం అందరితోపాటే. నేను ఆరో తరగతిలో చేరబోతున్నప్పుడు నా దిగులు లెక్కల గురించీ ఇంగ్లీషు గురించీ కాదు. తెల్లచొక్కా తడవకుండా ఒంగి తోడటం ఎలాగా అని. ముందు బల్లల మీద కూర్చునే పిల్లలే నా క్లాసులోనూ ముందు బల్లల మీద కూర్చుంటారని తెలుసు.

2001 ఎండాకాలంలో పాటదారు నాన్నకి కబురంపాడు. మేమాయన్ని కామందుగారు అనేవాళ్ళం.

"ఏరా, లారీ ఇంజను పడవకి ఎక్కుద్దంటావా?"

"ఎక్కుద్దండి. ఎక్కాక నా మాట వింటే నడుద్దండి."

ఆ రెండో వాక్యం అన్నందుకే అమ్మ రాత్రి నాన్నని తిట్టింది. కామందుకి అలా చెప్పే మనిషి మా పేటలో అప్పటికి ఇంకొకరు లేరు.

ఇంజను బెజవాడ ఆటోనగర్లో దొరికింది. పాత లారీలు విప్పి ముక్కలుగా అమ్మేచోట. టాటా 692. టాటావాళ్ళు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు, ఆ ఒప్పందం 1969లో ముగిసింది. నాన్న వయసు మెకానిక్కులు మాత్రం చాలాకాలం 'టాటా మెర్సిడీసు' అనే అన్నారు. 692లో మొదటి ఆరు అంటే ఆరు సిలిండర్లు, 92 అంటే సిలిండరు బోరు, మిల్లీమీటర్లలో. నాన్న దాని ఆయిలు పుల్ల తీసి వేళ్ళ మధ్య రాసి చూశాడు. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే లోపల నీళ్ళు కలిసినట్టు. క్రాంకుషాఫ్టుని గడ్డపారతో ముందుకీ వెనక్కీ ఎగదోసి ఆట ఎంతుందో చూశాడు. అయిదు ఇంజన్లు వద్దని ఆరోది తీసుకున్నాడు. ఏం చూశావని కామందు బామ్మర్ది అడిగితే "దీని చెయ్యి బాగుందండి" అన్నాడట, నాడి చూసినట్టు.

ఇక గాలి మాన్పించడం. లారీ ఇంజను తన వేడిని నీళ్ళకిస్తుంది, ఆ నీళ్ళు ముందున్న రేడియేటరులోకి పోతాయి, ఎదురుగాలీ ఫ్యానూ కలిసి వాటిని చల్లబరుస్తాయి. పడవ అడుగున గదిలాంటి చోట్లో ఇంజను కూర్చుంటే దానికి ఎదురుగాలి ఏది? ఫ్యాను తిరిగినా ఉన్న వేడిగాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కాబట్టి రేడియేటరు, ఫ్యాను రెండూ పీకెయ్యాలి. "ఇన్ని నీళ్ళ మధ్యన ఉన్నాం, గోదారి నీళ్ళే ఇంజన్లోకి తోడి అటు పారబోస్తే పోలా?" అన్నాడు బామ్మర్ది. ఖర్చు లేని పని. నాన్న ఒప్పుకోలేదు. వరదప్పుడు గోదావరిలో ఒండ్రు ఉంటుంది, అది ఇంజను సందుల్లో పేరుకుంటుంది. ఎండాకాలం మా రేవు దాకా సముద్రపు పోటుకి ఉప్పునీరు ఎగదన్నుతుంది, అది ఇనుముని తినేస్తుంది. కొందరు అలాగే నడుపుతారు, రెండేళ్ళకి ఇంజను మారుస్తారు.

నాన్న చేసింది ఇది. పడవ అడుగుదూలానికి రెండు పక్కలా, బయట, నీళ్ళలో మునిగి ఉండేలా గాల్వనైజ్డ్ గొట్టాలు వేశాడు. ఇంజను నీళ్ళు ఆ గొట్టాల్లోంచి ఒక చుట్టు తిరిగి చల్లబడి మళ్ళీ ఇంజన్లోకే వస్తాయి. తిప్పేది ఇంజనుకున్న పంపే. పాత రేడియేటరు పైతొట్టిని కోసి, అడుగు మూయించి, ఇంజనుకంటే ఎత్తులో బిగించాడు, నీళ్ళు వేడికి పొంగడానికి చోటు. థర్మోస్టాటు తీసెయ్యమని అందరూ అన్నారు. తియ్యలేదు. చల్లటి ఇంజను కూడా అరుగుతుందని ఆయన లెక్క. ఈ పద్ధతిలో లోపలి నీళ్ళూ గోదావరి నీళ్ళూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. మధ్య ఇనప గోడ. వేడి మాత్రం ఇటునుంచి అటు పోతుంది. అంటరానితనం నడిచే పద్ధతీ ఇదేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత, క్లాసులో ఉష్ణవహనం చెబుతుంటే తట్టింది. మనిషిని తాకకుండా మనిషిలోంచి లాక్కోవాల్సింది లాక్కుంటారు.

లోపల తిరిగే నీళ్ళు మాత్రం మంచినీళ్ళై ఉండాలి. ఉప్పుంటే లోపల పొర కట్టి వేడి బయటికి రాదు. మా పేట బోరు నీళ్ళు ఉప్పన. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఉండేది, దాని కుళాయిలు పేట దాకా రాలేదు. నాన్న ఈ మాట చెప్పగానే కామందు ఇంటినుంచి కావిడి మీద నాలుగు బిందెల మంచినీళ్ళు వచ్చాయి, ఇంజనుకి. అన్నం క్యారేజీ తెచ్చిన అమ్మ అది చూసింది. "దీనికున్న పాటి కులం కూడా మనకి లేదన్నమాట" అంది. బిందె అడుగున మిగిలినవి ఎవరూ చూడకుండా మా సీసాలో ఒంపింది. నేను తాగాను. తియ్యగా ఉన్నాయి. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టిన సంగతి అప్పటికి నాకు తెలీదు. 1985 జులైలో కారంచేడు మాదిగల మీద దాడికి ముందు తగువు మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరేనని కూడా తెలీదు. చదువుకున్నాక, ఆ సీసా గుర్తొచ్చింది.

తర్వాతి గొడవ వేగం గురించి. లారీలో రెండువేల అయిదొందల చుట్లకి పైన తిరిగే ఇంజన్ని నాన్న డీజిలు పంపు షాపుకి తీసుకెళ్ళి, గవర్నరు స్క్రూ తగ్గించి, పదిహేనొందలు దాటకుండా సీలు వేయించాడు. కామందుకి కోపమొచ్చింది. "వంద గుర్రాలని కొంటే సగం గుర్రాల్ని కట్టేశావేంట్రా?" అప్పుడన్నాడు నాన్న: "లారీకి ఎత్తుంటే పల్లం ఉంటదండి. ఎత్తెక్కేటప్పుడు ఆయాసపడ్డా దిగేటప్పుడు ఊపిరి తీసుకుంటది. గేటు కాడ తీసుకుంటది, ఊళ్ళో తీసుకుంటది. పడవకి పల్లం లేదండి. ఒడ్డు వదిలిన కాణ్ణించి ఒడ్డు తగిలేదాకా ఎత్తే." ఈ మాట ఆయన ఇంజను గురించే అన్నాడు. నేను వేరే అర్థాలు తీస్తే ఇప్పటికీ ఒప్పుకోడు.

గేరుబాక్సు దగ్గర మాత్రం నాన్న మాట చెల్లలేదు. పడవలకని వేరే గేరుబాక్సులుంటాయి. ఇంజను చుట్లని తగ్గించి షాఫ్టుకిస్తాయి, ముందుకైనా వెనక్కైనా ఒకటే బలం. కాకినాడలో చేపల బోట్లవి పాతవి దొరుకుతాయి. దాని ధర వినగానే కామందు లారీ గేరుబాక్సే పెట్టమన్నాడు. పెట్టొచ్చు. కానీ అందులో ఒక చిక్కుంది, అది చాలామందికి తట్టదు. లారీలో చక్రాలు రోడ్డుని తోస్తే ఆ తోపు స్ప్రింగుల మీదుగా ఛాసిస్‌కి పోతుంది. గేరుబాక్సుకి తిప్పడమొక్కటే పని. పడవలో పంకా నీళ్ళని వెనక్కి తోస్తుంది. నీళ్ళు పంకాని ముందుకి తోస్తాయి. ఆ తోపంతా షాఫ్టు పట్టుకుని లోపలికొస్తుంది. పడవని నడిపించేది ఆ తోపే. అది ఎక్కడో ఒకచోట ఆనాలి. దారిలో దానికోసం ఏమీ పెట్టకపోతే గేరుబాక్సు బేరింగు మీద ఆనుతుంది. ఆ బేరింగు అందుకు పుట్టింది కాదు. కొన్నాళ్ళు మోస్తుంది, ఒకరోజు ఏటి మధ్యలో పగులుతుంది.

నాన్న పాత లారీ ముందుచక్రాల హబ్బుల్లోంచి రెండు టేపరు రోలరు బేరింగులు తీశాడు. ఒకదానికొకటి ఎదురుగా, ఒకటి ముందుకి తోస్తే మొయ్యడానికి, ఇంకోటి వెనక్కి లాగితే మొయ్యడానికి. వాటికి లేతు మీద ఒక ఇనప పెట్టె చేయించి, పడవ అడుగు దూలాలకి అడ్డంగా ఇంకో దూలం వేసి దానికి బిగించాడు. తోపు ఆ దూలం మీద ఆగిపోతుంది, గేరుబాక్సు దాకా రాదు. గేరు ఎప్పుడూ టాపులోనే ఉండాలన్నాడు. టాపులో పళ్ళ మీద బరువు పడకుండా ఇంజను చుట్టు నేరుగా షాఫ్టుకి పోతుంది. రివర్సు మాత్రం లారీ రివర్సు, మరీ నిదానం. అందుకని ఒడ్డు ఇంత దూరముండగానే ఇంజను తగ్గించాలని సరంగు చేత పదిసార్లు వల్లె వేయించాడు. నీళ్ళలో బ్రేకుండదు కదా.

పంకాలో ఇంకో తమాషా. పంకాల్లో కుడిచేతివి, ఎడంచేతివి ఉంటాయి. లారీ ఇంజన్ని వెనకనుంచి చూస్తే ఎడమవైపుకి తిరుగుతుంది. నేరుగా కలిపితే ఎడంచేతి పంకా కావాలి. కాకినాడ నుంచి తెచ్చింది కుడిచేతిది. దాన్ని పెడితే ముందుకి గేరు వేసినప్పుడు పడవ వెనక్కి పోతుంది. నాన్న చేతిలో తిప్పి చూసి మార్చుకు రమ్మన్నాడు. "ఎడంచేతి పంకా ఏంట్రా, శుభమా అని మొదలెడుతూ?" అన్నాడు బామ్మర్ది. ఎడం చెయ్యి ఏ పనికి వాడతారో, ఎవరి చేత ఎడం చేతి పనులు చేయిస్తారో మాకు తెలుసు. ఏమైనా ఆ పడవ పదకొండేళ్ళు ఎడంచేతి పంకాతోనే శుభంగా తిరిగింది.

షాఫ్టు పడవలోంచి నీళ్ళలోకి వెళ్ళే కంతలో గ్లాండు ఉంటుంది. నూలుతాడు చుట్లు చుట్టి బిగిస్తారు. మరీ బిగిస్తే కాలిపోతుంది, వదులైతే నీళ్ళొస్తాయి, చుక్క చుక్కగా కారుతుంటే సరైనట్టు. ఆ తాడుకి కొవ్వు పట్టించాలి. నాన్న పట్టించింది పేటలో ఆదివారం కోసిన గొడ్డు కొవ్వు. దాని సంగతి కామందు అడగలేదు, నాన్న చెప్పలేదు. పొగగొట్టానికి ఆస్‌బెస్టాస్ తాడు చుట్టి, చెక్కకి తగలకుండా, ఏటి నీళ్ళు వెనక్కి ఇంజన్లోకి రాకుండా ఎత్తుగా వంపు తిప్పి పైకి తీశాడు. ఇదంతా అయ్యేసరికి నలభై రోజులు పట్టింది.

జూన్‌లో పడవని నీళ్ళలోకి దించారు. పూజ. "పూజయ్యేదాకా దిగండ్రా" అన్నారు. నాన్న, ఆయన సాయానికొచ్చిన మా చిన్నాన్న దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఇంజనుకి బొట్లు పెట్టారు, పసుపు రాశారు, బేరింగు పెట్టె మీద నిమ్మకాయ పెట్టారు. కొబ్బరికాయ కొట్టి ఇక పోనియ్యమన్నారు. నాన్న ఒడ్డునుంచే "ఇయ్యాల కాదండి" అన్నాడు. చెక్క పడవ ఒడ్డు మీద ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్ళలోకి దిగితే ఇంకో ఆకారానికొస్తుంది. ఒడ్డు మీద సరిపెట్టిన షాఫ్టు నీళ్ళలో సరిగా ఉండదు. రెండ్రోజులు పలకలు నానాక మళ్ళీ సరిచూడాలి. ముహూర్తం పోతుందని అరిచారు. ముహూర్తానికి బయల్దేరితే షాఫ్టు పోతుందన్నాడు. పూజారి ఉన్నాడని కొట్టలేదు గానీ, ఆ రోజు దెబ్బలు తప్పవనే అమ్మ అనుకుంది.

మూడో రోజు పెట్రోమాక్సు లైటు పట్టుకుని పక్కన కూర్చుంది నేను. రెండు కప్లింగు బిళ్ళల మధ్య సందు పైన, కింద, కుడి, ఎడమ ఒకేలా ఉండాలి. ఫీలర్ గేజి రేకుల మీద సన్నటి అంకెలుంటాయి, నేను చదివి చెప్పేవాణ్ణి. నేను చెప్పేలోపే నాన్న వేళ్ళకి తెలిసిపోయేది. పైన పద్నాలుగు థౌ, కింద అయిదు. ఇంజను కాళ్ళ కింద ఇత్తడి రేకు ముక్కలు పెడుతూ, తీస్తూ, నాలుగు పక్కలా నాలుగు థౌకి తెచ్చేసరికి తెల్లారింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

ఇప్పుడు చెప్పాల్సిన అసలు సంగతి. ఫ్యాను పీకేశాక ఇంజను ముందు పుల్లీలో ఒక గాడి ఖాళీ అయింది. నాన్న దానికో బెల్టు వేసి, పక్కన చిన్న పంపు ఒకటి బిగించాడు. అంగుళం గొట్టం, కింద ఫుట్ వాల్వు, దానికి చెత్త పోకుండా జల్లెడ. గొట్టం మొన పడవ అడుగున, సరిగ్గా మేం కూర్చునేచోట పెట్టాడు. రెండో మొన పక్కపలక మీదుగా బయటికి. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. కామందు దాన్ని ఇంజనుకి సంబంధించిందే ఏదో అనుకున్నాడు. మొదటి రోజు బడికి బయల్దేరాను. ఇంజను అందుకుంది. గొట్టంలోంచి పడవ నీళ్ళు ధారగా ఏట్లో పడుతున్నాయి. సరంగు అలవాటుకొద్దీ "ఆఁ, తోడండె..." అని అడుగుకేసి చూసి ఆగిపోయాడు. తోడటానికి నీళ్ళు లేవు. మా పెద్దమ్మ డబ్బా చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత దాన్ని బోర్లించి దానిమీద కూర్చుంది.

అయిదు వారాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున బెల్టు లేదు. డీజిలు ఎక్కువ తాగుతోందని తీయించారట. ఆ పంపు లాగే బలమెంత? అంత ఇంజనుకి అది మెళ్ళో తాయెత్తు. డీజిలు కోసం కాదని పేటలో అందరికీ తెలుసు. మావాళ్ళు ఖాళీ చేతులతో కూర్చోవడం ముందు బల్లలకి సహించలేదు. ఎవరో అన్నారట కూడా, "వాళ్ళూ మనలాగే కూర్చుంటే ఇంక పడవెందుకు" అని.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగాక మా పేట కుర్రాళ్ళు అంబేద్కర్ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. పదేళ్ళుగా అది జయంతికీ వర్ధంతికీ దండ వేసే సంఘంగానే ఉంది. ఆ రాత్రి విగ్రహం దగ్గర కూర్చున్నారు. పెద్ద ఉపన్యాసాలేమీ లేవు. డబ్బా ఎవరూ ముట్టుకోకూడదు, అంతే. నాన్న షెడ్డుకెళ్ళి ఉన్నాడు, ఆయనకి తెలీదు.

మంగళవారం పడవలో నలభైమంది దాకా ఉన్నాం. జులై నెలాఖరు, ఎర్రనీరు దిగిన ఏరు. మధ్యకొచ్చేసరికి నా చెప్పులు తేలాయి. సరంగు తోడమన్నాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అరిచాడు. బూతులు తిట్టాడు. కొబ్బరి బస్తాల అడుగు తడిసింది. ముందు బల్లలవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. షాఫ్టు కప్లింగు బోల్టులకి నీళ్ళు తగిలి వాన జల్లులా చిమ్మడం మొదలైంది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, నొప్పెట్టేలా. మా పెద్దమ్మ మాత్రం ఏటికేసి చూస్తూ కూర్చుంది, ఏ తీర్థానికో పోతున్నట్టు. నాకు ఈత వచ్చు, అయినా భయమేసింది. భయపడ్డానని రాయడానికి నాకు నామోషీ లేదు. అక్కడున్నవాళ్ళలో భయపడనివాళ్ళు లేరు, అయినా చేతులు కదపలేదు.

చివరికి సరంగు చుక్కాని పక్కవాడికిచ్చి తనే డబ్బా పట్టుకున్నాడు. అతను పల్లీకారు. "నా కులమేంటి, నేను తోడ్డమేంటి" అని గొణుక్కుంటూ తోడాడు. అతనూ కామందు దగ్గర కూలికున్నవాడే. తన కింద ఒకళ్ళున్నారన్న ధైర్యం ఒక డబ్బా లోతున మునిగిపోయింది పాపం. మధ్యాహ్నం ట్రిప్పూ అంతే, సాయంత్రం ట్రిప్పూ అంతే. బుధవారం పొద్దున బెల్టు దాని గాడిలో ఉంది. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. రాజీ లేదు, పంచాయితీ లేదు, క్షమాపణ అసలే లేదు.

నాన్నకి రావాల్సిన కూలిలో మూడోవంతు అప్పట్నుంచీ బాకీగానే ఉండిపోయింది. ఆ పడవకి ఇంజను డ్రైవరుగా ఉంటానని అడిగాడు. సర్టిఫికెట్టు కావాలన్నారు. నిజమే, 1917 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టంలోనే సరంగుకీ ఇంజను డ్రైవరుకీ సర్టిఫికెట్లుండాలని ఉంది. 2021లో కొత్త చట్టమొచ్చినా ఆ మాట పోలేదు. ఉండాల్సిందే, నలభై ప్రాణాల సంగతి. కానీ ఇంజను దగ్గర కూర్చోబెట్టిన బామ్మర్దికి ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇంజను ఆగినప్పుడల్లా మా ఇంటికి మనిషొచ్చేవాడు. నాన్న వెళ్ళి బాగుచేసి, టిక్కెట్టు కొనుక్కుని తిరిగొచ్చేవాడు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు ముప్ఫై ఏడు రోజులూ నాన్న టీవీ ముందునుంచి లేవలేదు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి, లంగర్లు, ఇనప తాళ్ళు వేసి, తెగి, మళ్ళీ వేసి, అక్టోబరు 22న దాన్ని పైకి తెచ్చింది. తాడు ఎటువైపునుంచి లాగాలో నాన్న ఇంట్లో కూర్చుని వాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. "పేపర్లో పేరేశారు చూడు" అన్నాడు, ఆ ఒక్క మాట నాలుగైదుసార్లు.

ఇంజను 2012 దాకా నడిచింది. తర్వాత రేవుపాట వేరేవాళ్ళకి పోయి, పడవ మూలపడి, ఇంజను పాత ఇనుములోకి వెళ్ళింది. అమ్మే రోజు నాన్న వెళ్ళి ఆ రెండు బేరింగుల్లో ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఆ మధ్య అడిగాను, ఆ పంపు ఎందుకు పెట్టావు నాన్నా, మనవాళ్ళు తోడకూడదనేనా అని. సభల్లో చెప్పుకోవడానికి బాగుంటుందని నా ఆశ. ఆయన గడ్డం గోక్కుని, "పుల్లీ ఖాళీగా ఉంది గదరా" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "ఖాళీగా ఉందంట. ఆ గొట్టం మొన మనం కూకునే కాడే ఎందుకు పెట్టావో చెప్పు" అంది. ఆయన చెప్పలేదు. రేడియో పెంచుకున్నాడు.

బేరింగు ఇప్పుడు నా టేబులు సొరుగులో ఉంటుంది. తొమ్మిదో తరగతికి న్యూటన్ మూడో నియమం చెప్పే రోజున బయటికి తీస్తాను. పుస్తకంలో తుపాకీ, రాకెట్టు ఉంటాయి. అవి పిల్లలు చూసినవి కావు, పడవ చూశారు. పంకా నీళ్ళని తోస్తే నీళ్ళు పంకాని తోస్తాయి, ఆ తోపు ఎక్కడ ఆనుతుందో చెప్పండి అంటాను. ఒకళ్ళు పడవకంటారు, ఒకళ్ళు ఇంజనుకంటారు. బేరింగు ఇచ్చి తిప్పి చూడమంటాను. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి, అందరి చేతుల్లోంచీ తిరిగి నా దగ్గరికొచ్చేసరికి గంట కొడతారు. ఆ రోజు వాళ్ళ నోటుపుస్తకాల నిండా గ్రీజు వేలిముద్రలు.